మెకాలే పేరిటి కూటపాఠము

ప్రాచీనగ్రంథములను పరిష్కరించువారు ఒక వ్రాతప్రతి చేతికి వచ్చినతోడనే మూడు ప్రశ్నలు వేయుదురు. ఈ ప్రతి యెవరిది? ఏ మాతృకను జూచి వ్రాయబడినది? ఎప్పటిది? ఈ మూటికి సమాధానము లభించువరకు అందలి పాఠ మెంత రమ్యమైనను వారికి గ్రాహ్యము కాదు. ఆశ్వాసాంతగద్య లేని ప్రతిని శంకింతురు; గద్య యున్నచో నది యితర ప్రతులలో గలదా యని చూతురు. కాని తాళపత్రముల యెడ నింత జాగరూకత వహించు విద్యావంతులే, చేతిఫోనునకు వచ్చిన వచనమును దాని క్రింది పేరు నొక్కటి చూచి విశ్వసించి, మరుక్షణమున పదుగురికి బంపుచున్నారు.

అంతర్జాలమున అసత్యవ్యాప్తిని గూర్చి జరుగుచున్న చర్చ చాలవరకు యంత్రములను గూర్చియు, చట్టములను గూర్చియు నడచుచున్నది. ఆ రెండును ముఖ్యములే. అయినను వ్యాపించుచున్నది యొక పాఠము. దానికిని కర్త, మాతృక, ప్రతులు, పాఠాంతరములు, ప్రక్షేపములు, లోపములు కలవు. కావున నిది పాఠవిమర్శకుల పనియు నగుచున్నది. థామస్ బాబింగ్టన్ మెకాలే పేర మన దేశమున మిక్కిలి ప్రచారములో నున్న యొక కూటపాఠమును పరీక్షించినచో ఈ మాట స్పష్టపడును.

పాఠస్వరూపము

ఈ పాఠమునకు తలకట్టుగా 1835 ఫిబ్రవరి 2 వ తేదీన లార్డు మెకాలే బ్రిటిషు పార్లమెంటులో జేసిన ప్రసంగమని యుండును. అందలి సారాంశ మిది: వక్త భారతదేశము నలుమూలల సంచరించెనట, ఒక బిచ్చగానిగాని, దొంగనుగాని చూడలేదట, ఇంత సంపద, ఇంత నీతి, ఇట్టి ప్రజలు గల దేశమును జయించుట యసాధ్యమని తలచెనట, దాని వెన్నెముక యగు ఆధ్యాత్మిక సాంస్కృతిక వారసత్వమును విరిచిననేగాని లొంగదనియు, అందులకై ప్రాచీనవిద్యావిధానమును తొలగింపవలె ననియు సభకు సూచించెనట. ఈ వచనము పలుమారు పాత యచ్చుకాగితమువలె రంగు మాసిన చిత్రరూపమున ప్రచారమగుచున్నది. ఆంగ్లమునుండి దేశభాషలలోనికిని దిగినది. సభోపన్యాసములలోను, వ్యాసములలోను ప్రమాణవాక్యముగ వాడబడినది.

బాహ్యసాక్ష్యము

మెకాలే 1834 జూన్ మాసమున మద్రాసులో నోడ దిగెను. గవర్నరు జనరల్ విలియం బెంటింకు అప్పుడు నీలగిరులలో నుండుటచే నచటి కేగి, ఆ సంవత్సరము సెప్టెంబరులో కలకత్తా చేరెను. గవర్నరు జనరల్ సభయందు న్యాయశాఖాసభ్యుడుగ బనిచేసి, 1838 లో స్వదేశమునకు మరలెను. 1835 ఫిబ్రవరి 2 న నాతడు కలకత్తాలో నుండెను. లండనులో బ్రసంగించుట కవకాశము లేదు. లీడ్సు పట్టణప్రతినిధిగా నుండిన పార్లమెంటు స్థానమును, భారతదేశోద్యోగమును స్వీకరించినప్పుడే విడిచిపెట్టెను.

ఇంతకంటెను విచిత్రమైన విషయ మొకటి కలదు. ఆ దినమున పార్లమెంటు సమావేశమే లేదు. పూర్వసభ 1834 డిసెంబరు చివర రద్దు చేయబడెను. జనవరిలో నెన్నికలు జరిగెను. నూతనసభ 1835 ఫిబ్రవరి 19 న గాని కూడలేదు. ప్రాతసభామందిరము సైతము 1834 అక్టోబరు 16 న నగ్నికి ఆహుతియై యుండెను. సభ్యుడు లేడు, సభ లేదు, మందిరము లేదు. ప్రసంగము మాత్రము నిలిచియున్నది.

బిరుదమును గూడ పరీక్షింపవలయును. మెకాలేకు ప్రభుపదవి లభించినది 1857 లో. 1835 నాటి పత్రమున నాతనిని లార్డని పేర్కొన్న వ్రాయసకాడు తన కాలమును తానే బయటపెట్టుకొనినాడు. పాఠకర్త మరియొక యంశమును గూడ మరచెను. 1835 నాటికి జయింపవలసిన భారతదేశము మిక్కిలి తక్కువ. ఉత్తరసర్కారులు 1766 నాటి సంధిచేతనే కంపెనీ పాలయ్యెను. దత్తమండలములు 1800 లో సంక్రమించెను. మహారాష్ట్రరాజ్యము 1818 లో నంతరించెను. సింధు, పంజాబులు మాత్రము మిగిలియుండెను. ఇట్టి స్థితిలో, దేశమును జయింపజాలమని కంపెనీ యున్నతోద్యోగి వాపోవుట చరిత్రకు విరుద్ధము.

అంతస్సాక్ష్యము

భాషను జూచినను కూటత్వము దాగదు. సంస్కృతికి సంబంధించినదను నర్థమున నిందు వాడబడిన విశేషణము ఆంగ్లమున బహుళప్రచారము నొందినది పందొమ్మిదవ శతాబ్ది యుత్తరార్ధమున. ఆ విశేషణమును వారసత్వపదముతో జేర్చి పలుకుట యిరువదవ శతాబ్ది వాడుక. మెకాలే వాక్యములు దీర్ఘములు, ప్రతిపక్షమును నిలదీయునవి, దృష్టాంతభరితములు. ఇచటి వాక్యములు ప్రకటనపత్రమునందలి నినాదములవలె నున్నవి.

అన్నిటికంటె బలవత్తరమైన సాక్ష్యము మెకాలే స్వహస్తలిఖితమగు అభిప్రాయపత్రము. దాని తేదీయే 1835 ఫిబ్రవరి 2. 1813 నాటి చార్టరు చట్టము విద్యాభివృద్ధికై యేటేట కేటాయించిన లక్షరూపాయలను సంస్కృత అరబ్బీ విద్యలకు వ్యయించుటయా, ఆంగ్లవిద్యకు వ్యయించుటయా యను వివాదమున నాతడు రెండవపక్షము నవలంబించెను. ప్రిన్సెపు మున్నగువారు మొదటిపక్షమును సమర్థించిరి. ఆ యేడు మార్చి 7 న బెంటింకు తీర్మానము మెకాలే పక్షమున వెలువడెను. ఆ పత్రమున మెకాలే భారతవాఙ్మయమును ప్రశంసింపలేదు. తనకు సంస్కృతముగాని అరబ్బీగాని రాదని యొప్పుకొనుచునే, ఐరోపా గ్రంథాలయమునందలి యొక్క అరకు మన వాఙ్మయ మంతయు సరిగాదని తీర్పు చెప్పెను. అట్టివాడు అదే దినమున మరియొకచోట మన నాగరకతను చూచి విస్మయపడెననుట యెట్లు పొసగును?

కూటలేఖకుని నేర్పంతయు నిచటనే కలదు. అతడు సత్యమునుండి రెంటిని మాత్రము ఎరవు తెచ్చుకొనెను: ఒక పేరు, ఒక తేదీ. ఆ తేదీని వెదకిన పాఠకునకు మెకాలే యానాడు విద్యను గూర్చి యేదో వ్రాసెనని తెలియును. తెలిసి తృప్తిపడి, మూలమును దెరువక నిలిచిపోవును. పూర్తిగా కల్పితమైన దానికంటె సత్యపు టంచుగల యసత్యము బలిష్ఠము.

వ్యాప్తిహేతువులు

తెలుగువారి కిట్టి విషయము క్రొత్త కాదు. సి. పి. బ్రౌను 1829 లో వేమనపద్యములను ఆంగ్లానువాదముతో బ్రకటించి, 1839 లో మరల పెంచి వెలువరించెను. అతడు కూర్చిన ప్రతులలో నొక్కొక్కదాని పద్యసంఖ్య వేరు, పాఠము వేరు. దీనికి గారణము ఊహించుట సులభము. వేమన మకుట మాటవెలది నాల్గవపాదమున నిముడును. మొదటి మూడుపాదములు ఎవరు చెప్పినను ఆ మకుటము తగిలించినచో పద్యము వేమనదై పోవును. మకుటము కర్తృత్వమునకు సాక్ష్యము గాదు. కర్తృత్వమును గోరుకొనువాని కనుకూలమైన పరికరము మాత్రమే. అంతర్జాలమున మహాత్ముల చిత్రముల క్రింద గనబడు సూక్తులకు వారి పేరులే మకుటములు.

అయితే తాళపత్రకాలమునకును నేటికిని ఒక భేదము కలదు. వ్రాయసకాడు ప్రతిని వ్రాయుటకు మాసములు పట్టెడిది. ఆ శ్రమయే వ్యాప్తికి కొంత యడ్డుకట్ట. నేడు ప్రతి చేయుటకు వ్రేలి స్పర్శ చాలును. 2018 మార్చిలో సైన్స్ పత్రికయందు ప్రకటితమైన యొక పరిశోధనమున, 2006 మొదలు 2017 వరకు ట్విట్టరులో వ్యాపించిన సుమారు 1,26,000 వార్తాపరంపరలు పరిశీలింపబడినవి. వానిని ముప్పదిలక్షలమంది నలువదియైదు లక్షలకు పైబడిన పర్యాయములు ప్రచారము చేసియుండిరి. సత్యవార్తకంటె అసత్యవార్త మరల పంపబడుటకు నూటికి డెబ్బదివంతు లెక్కువ యవకాశము కలదనియు, 1,500 మందిని జేరుటకు సత్యమునకు అసత్యమునకంటె నారురెట్లు కాలము పట్టుననియు తేలినది. యంత్రములచే నడుపబడు ఖాతాలు సత్యాసత్యములను సమానముగనే వ్యాపింపజేసినవి. కావున నీ భేదమునకు బాధ్యులు మనుష్యులే. అసత్యము క్రొత్తగా నుండును; ఆశ్చర్యమును, రోతను గలిగించును; అందుచే దానిని ముందుగా జెప్పినవానికి గౌరవము.

మెకాలే కూటపాఠము గౌరవముతోపాటు మరి రెండు సుఖముల నిచ్చుచున్నది. శత్రువు నోట స్తుతి వినుట యొకటి. నేటి లోపముల కన్నిటికి నిర్ణీతదోషి దొరకుట రెండవది. ఈ రెండును గలసిన పాఠమును పరీక్షింపబూనుట యెవరికిని ప్రియము గాదు. పరీక్షించువాడు దేశాభిమానము లేనివాడుగా దోచును.

పూర్వపక్షము

ఇచట నొక పూర్వపక్షము కలదు. అది తేలికగా ద్రోసివేయదగినది కాదు. వాక్యములు మెకాలేవి కాకపోవచ్చును. భావము సత్యమే గదా? అతడు దేశీయవిద్యను చిన్నచూపు చూడలేదా? రక్తమున భారతీయులై, అభిరుచులయం దాంగ్లేయులగు నొక వర్గమును సృష్టింప దలపలేదా? అట్టియెడ మాటల తప్పును వెదకుట వ్యర్థపాండిత్యము గాదా?

దీనికి సమాధానము: భావ మొక్కటి కాదు. కూటపాఠమునందలి మెకాలే మన మహత్త్వము నెరిగి ద్వేషించినవాడు. నిజమైన మెకాలే యెరుగకయే, ఎరుగననియు దెలిసియు, తీర్పు చెప్పినవాడు. పాలకుని అజ్ఞానము, ఆ యజ్ఞానమునందలి నిశ్చలవిశ్వాసము — ఇదియే యా పత్రమునకు దగిన విమర్శ. దానిని కూటపాఠము కప్పిపుచ్చుచున్నది. అతడు కోరిన వర్గము దేశభాషలను నూతనశాస్త్రపదములతో బెంచి, క్రమముగా ప్రజాసామాన్యమునకు జ్ఞానమును జేర్పవలెనని యా పత్రముననే యున్నది. ఆ వాగ్దాన మెంత నెరవేరినదను ప్రశ్న తెలుగు మొదలగు భాషలకు ప్రాణప్రదము. కూటపాఠమును నమ్మినవా రా ప్రశ్నను వేయుట కవకాశమే లేదు. 1823 లో రామమోహనరాయలు కలకత్తాలో సంస్కృతపాఠశాల నెలకొల్పుటకు మారుగా గణిత రసాయనాది శాస్త్రములను బోధింపుమని గవర్నరు జనరల్ ఆమ్హర్స్టునకు వ్రాసిన లేఖయు విస్మృతమగును. ఆనాటి వివాదమున భారతీయులకును పక్షములు గలవను సత్యమే నశించును. మరియు ప్రతిపక్షి యీ వచనము కూటమని నిరూపించిన దినమున, దానితోపాటు న్యాయమైన విమర్శయు నమ్మకము గోల్పోవును.

మాటల తప్పునకు ప్రాణములే మూల్యమగు సందర్భములు గలవు. కరాచీలోని యొక బాలసంరక్షణసంస్థ తలిదండ్రులను హెచ్చరించుటకై చిన్న చలనచిత్రమును దీసియుండెను. మోటారుసైకిలుపై వచ్చిన యిద్దరు వీధిలో నాడుకొనుచున్న బాలునెత్తుకొని పోవుదురు. వెంటనే తిరిగి వచ్చి, బాలుని దింపి, పిల్లల నెత్తుకొనిపోవుట యెంత సులభమో తెలుపు ఫలకమును జూపుదురు. ఎవరో తుదిభాగమును కత్తిరించిరి. మిగిలిన భాగము 2018 లో భారతదేశమున వాట్సాపు ద్వారా వ్యాపించి, పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలకు సాక్ష్యమయ్యెను. ఆ వదంతులచే తెలంగాణ, ఆంధ్రప్రదేశములలోను, ఇతరప్రాంతములలోను అపరిచితులపై దాడులు జరిగినవి. జులై 1 న మహారాష్ట్రమున ధూలే జిల్లా రైన్‌పాడ గ్రామమున, భిక్షాటనచే జీవించు సంచారజాతికి జెందిన యైదుగురిని జనులు కొట్టి చంపిరి.

పాఠవిమర్శకుని దృష్టిలో నిది గద్య కోసివేయబడిన ప్రతి. చిత్రమునందలి ప్రతి దృశ్యమును యథార్థముగ తీయబడినదే. లోపించినది, ఆ దృశ్యముల యర్థమును నిర్ణయించు తుదిమాట. ద్రోణవధఘట్టమున ధర్మరాజు పలికినదానిలో నసత్యాక్షర మొక్కటియు లేదు. ఏనుగు ప్రస్తావన మాత్రము వినబడకుండ జరిగినది. ఆ లోపమునకు ఆచార్యుని ప్రాణము పోయినది. కల్పితపాఠము నొకవైపు, ఖండితపాఠము నొకవైపు నుంచి తూచినచో, రెండవదియే యెక్కువ ప్రమాదకరము. ఏలయన దానిని కన్నులార చూచితినని సాక్షి ప్రమాణము చేయగలడు.

ఖండనోపాయములు

ఈ యనర్థము నరికట్టుటకు జరిగిన ప్రయత్నములు నాలుగువిధములు. మొదటిది వేగమును దగ్గించుట. 2018 లో వాట్సాపు సంస్థ, భారతదేశమున నొక సందేశమును ఒకమారు ఐదు సంభాషణలకు మించి పంపరాకుండ జేసి, మరల పంపబడినదను గురుతును జేర్చెను. 2020 ఏప్రిలులో, పలుమారులు చేతులు మారిన సందేశము నొకమారు ఒక్క సంభాషణకు మాత్రమే పంపునట్లు నియమించెను. ఇది పూర్వపు వ్రాయసకాని శ్రమను కృత్రిమముగ దిరిగి కల్పించుట, ఉపయుక్తమే. కాని పంపబడినదను గురుతు మొదట పంపినవా డెవడో చెప్పదు.

రెండవది రాజశాసనము. 2023 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము, తన వ్యవహారములను గూర్చిన యంశములు అసత్యములో, కావో నిర్ణయించు నొక సత్యపరీక్షావిభాగమునకు అధికార మొసగుచు నిబంధనలను సవరించెను. 2024 సెప్టెంబరులో బొంబాయి హైకోర్టు ఆ నిబంధన రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. పాఠవిమర్శన్యాయమును బట్టి చూచినను ఈ తీర్పు యుక్తము. పరిష్కర్త పాఠమును నిర్ణయించునప్పుడు ఏయే ప్రతులలో నేయే పాఠము గలదో అడుగున జూపును. చదువరి తానుగా తర్కించి యొప్పుకొనును, లేదా కాదనును. ఆధారము జూపక అధికారమున జెప్పబడిన సవరణ, సత్యమే యైనను, నమ్మువాని వివేకమును బెంచదు.

మూడవది సత్యపరీక్షకుల వృత్తి. అహమ్మదాబాదు కేంద్రముగ 2017 లో బుట్టిన ఆల్ట్ న్యూసు, హైదరాబాదు కేంద్రముగ దెలుగునను బనిచేయుచున్న ఫ్యాక్ట్‌లీ మొదలగు సంస్థలు చిత్రముల మూలమును, తేదీలను, స్థలములను వెదకి యాధారములతో బ్రకటించుచున్నవి. ఇది నిజమైన పరిష్కరణము. ఫేసుబుక్కు సంస్థ 2016 డిసెంబరులో నిట్టివారితో నొడంబడిక ఆరంభించెను. కాని 2025 జనవరిలో, అమెరికాయందు దానిని విరమించి, చదువరులే వ్రాయు వ్యాఖ్యల పద్ధతిని బ్రవేశపెట్టుచున్నట్లు ప్రకటించెను. వర్తకసంస్థ యాదరముపై మాత్రమే నిలిచిన విద్య యెంత దుర్బలమో దీనివలన దెలియుచున్నది. వేరొక చిక్కు గలదు. ఒకే మాటను పలుమారు విన్నవారు దానిని సత్యమని తలచుట యెక్కువయని 1977 నాటి మనశ్శాస్త్రపరిశోధనము నిరూపించెను. కావున అసత్యమును పెద్దయక్షరములలో మరల ముద్రించి, క్రింద కాదని వ్రాయుట మంచి ఖండనము కాదు. మొదట సత్యపాఠమును నిలిపి, తరువాత కూటపాఠము దానినుండి యెచట తొలగినదో చూపవలయును.

నాలుగవది చదువరికి శిక్షణ నిచ్చుట. ఇచట పండితులు తమను దామే పరీక్షించుకొనవలసిన విషయ మొకటి కలదు. 2017 లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపరిశోధకులు పదిమంది చరిత్రపండితులకు, పదిమంది సత్యపరీక్షకులకు, ఇరువదియైదుగురు విద్యార్థులకు అంతర్జాలపుటలను జూపి వాని విశ్వసనీయతను దెలుపుమనిరి. చరిత్రపండితులు పలువురు పుటయందే దృష్టి నిలిపి, సొంపైన రూపమునకు, పాండిత్యపు నుడికారమునకు మోసపోయిరి. సత్యపరీక్షకులు పుటను క్షణము చూచి విడిచి, దానిని గూర్చి యితరు లేమి చెప్పుచున్నారో ముందుగ వెదకి, శీఘ్రముగ నిజమును గనుగొనిరి. అంతస్సాక్ష్యమును మాత్రమే నమ్మినవా రోడిరి. బాహ్యసాక్ష్యమును ముందుంచినవారు గెలిచిరి. కృత్రిమమేధ యేకాలపు శైలినైనను అనుకరింపగలుగుచున్న యీ దినములలో నీ పాఠము మరింత ముఖ్యము. మెకాలే కూటపాఠమును వ్రాసినవాడు శైలిలో బొరపడెను. రేపటి కూటలేఖకుడు పొరపడకపోవచ్చును. అప్పుడును సభ కూడిన దినము మారదు, ఓడ దిగిన తేదీ మారదు.

సిద్ధాంతము

ఈ విచారణవలన దేలిన దేమనగా: అసత్యమునకు ఖండనము చాలదు, దాని స్థానమున నిలుచుటకు సత్యపాఠము కావలయును. మెకాలే యట్లనలేదని వినినవాడు, మరి యేమనెనని యడుగును. ఆ క్షణమున నాతని చేతికి మూలపత్రము, తెలుగున, సంపూర్ణముగ, వివాదచరిత్రతోడను, ప్రిన్సెపు ప్రతివాదముతోడను దొరకినచో, కూటపాఠమునకు జోటుండదు. దొరకనిచో ఖాళీయైన చోటికి రేపు మరియొక కూటపాఠము వచ్చి చేరును. గ్రంథపరిష్కరణమునందు ఆరితేరిన సంస్థలకు ఈ పని కొత్తది కాదు. సామగ్రి మాత్రమే కొత్తది. తాళపత్రముల యెడ జూపిన యోర్పును అంతర్జాలపాఠముల యెడను జూపవలయును. ప్రమాణపత్రములను ఆకరసంఖ్యలతో, అందరు సులభముగ వెదకి గ్రహింపగల రూపమున నుంచవలయును.

పాఠశాలయందు బాలునకు పద్యము నేర్పునప్పుడు కవి యెవడని యడుగుట మన యాచారము. ఆ ప్రశ్నకు పేరు చెప్పినంతమాత్రమున విడువక, అది యెట్లు తెలిసినదని రెండవ ప్రశ్నను గూడ అడుగుట యలవాటు కావలయును. రైన్‌పాడలో గుమిగూడినవారిలో నొక్కడైనను ఆ రెండవ ప్రశ్నను బిగ్గరగా వేసి, పదిమందిచే వినిపించుకొనగలిగియున్నచో, ఆ యైదుగురు తమ త్రోవను తాము పోయియుందురు.